తిరిగేవాడికి సగం

ఉడతని ఒంటరిగా వేటాడబోయేవాడు వట్టి వెర్రివెంగళప్ప అంటారు మా కెంటకీ కొండల్లో. ఉడతకి తెలిసిన విద్య ఒక్కటే, కానీ ఆ ఒక్కటీ దానికి నిక్షేపంగా తెలుసు. నువ్వు చెట్టుకి ఇటు నిలబడితే అది అటు పోతుంది. నువ్వు అటు వెళితే అది ఇటొస్తుంది. మానుని మధ్యలో పెట్టుకుని రోజంతా నీతో దాగుడుమూతలాడుతుంది. చివరికి మెడ పట్టేసి, ఉత్త సంచీతో ఇంటికి పోయి పెళ్ళాం చేత మాటలు పడేది నువ్వే. మా ఉడతలు పిడికెడు ప్రాణులేం కావు, కుందేలు పిల్లంత ఉంటాయి. అంత ఒళ్ళున్న జంతువు కొమ్మకి అంత సన్నగా ఎలా అతుక్కుపోతుందో ఆ దేవుడికే ఎరుక.

అందుకని మావాళ్ళు ఇద్దరిద్దరుగా పోతారు. ఒకడు కూర్చునేవాడు, ఒకడు తిరిగేవాడు. కూర్చునేవాడు చెట్టుకి వీపు ఆనించి, తుపాకీ మోకాలి మీద పెట్టుకుని, ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తూ కూర్చుంటాడు. తిరిగేవాడు మానుకి అవతలినుంచి చుట్టూ నడుస్తాడు. మామూలుగా నడవడు, ఎండుటాకులు తన్నుకుంటూ, పుల్లలు విరుచుకుంటూ, కావాలనే నానా గోలా చేస్తాడు. ఉడత చూపంతా వాడి మీదే. వాడికి చిక్కకూడదని మెల్లగా ఇటు జరుగుతుంది, కదలకుండా కూర్చున్నవాడి కళ్ళెదురుగా. ఢాం! అయిపోయింది. కొట్టింది కూర్చున్నవాడే అయినా వేటలో సగం తిరిగినవాడిదే. ఇది మా తాతల నాటి కట్టుబాటు. ఆ సగం ఎగ్గొట్టినవాడితో మళ్ళీ ఎవడూ అడవికి పోడు, చర్చిలో వాడి బల్ల మీద కూర్చోడానిక్కూడా ఎవడూ ఇష్టపడడు.

ఆర్విల్ కూర్చునేవాడు. మా వాగు పొడుగునా అతన్ని మించి కూర్చోగలిగినవాడు లేడు. ఓసారి పిచ్చుక అతని టోపీ మీద వాలి రెట్ట వేసి పోయినా అతను కదల్లేదని చెప్పుకుంటారు. అబద్ధమే కావచ్చు, కానీ ఆర్విల్‌ని చూసినవాళ్ళెవరూ అబద్ధమనలేదు. తిరిగేవాడు అతని బామ్మర్ది హోబర్ట్. ముక్కు తుడుచుకోవడం రాని వయసునుంచీ వాడిని వెంట తిప్పుకుని, ఏ ఆకు ఎలా తొక్కాలో, ఎక్కడ ఆగి దగ్గాలో ఆర్విలే నేర్పాడు. ఇప్పుడు వాడికీ జుట్టు నెరిసింది. అయినా "నాదేముంది బావా, కొట్టేది నువ్వు. నాది ఏదో ఉడతా భక్తి" అని పళ్ళికిలిస్తాడు.

వాళ్ళ వేటంతా పైగట్టు మీద. ఇంటి వెనక నిటారుగా లేచిన కొండకి వెన్నులాంటిది ఆ గట్టు. దాన్నిండా ఉడతలు ప్రాణం పెట్టే గట్టి పెంకు కాయలు కాసే హికరీ చెట్లు, ఇద్దరు కౌగిలించుకుంటే గానీ అందని మానులు. ఆ నేల ఆర్విల్‌ది కాదు, అతని భార్య నెల్డాది. వాళ్ళ నాన్న ఐరా మామ పెళ్ళినాడు అందరి ముందూ చెప్పాడు. "నేల నా కూతురి పేర పెడుతున్నానోయ్ అల్లుడూ. ఉడతలు మాత్రం నీవి. నువ్వు బతికున్నంతకాలం పైగట్టు మీదికి రంపం ఎక్కదు." పక్కనే చెయ్యి పట్టుకుని నిలబడ్డ నెల్డా, "ఎక్కదు నాన్నా" అంది. ముప్పయ్యేళ్ళ పైమాట అది. ఆర్విల్‌కి ఆస్తంటే అదే. బొగ్గు గనిలో ఒళ్ళు హూనమయ్యేదాకా పనిచేసినవాడికి ఆ గట్టు మీద, అన్నిట్లోకీ లావైన హికరీ కింద, పైకి తేలిన రెండు వేర్ల మధ్య కుదురుగా అమరిన ఆ చోటే సింహాసనం. ఆ మాను తొర్రలో ఉడతలు కాపురముంటాయి. వాటిని మాత్రం ఎప్పుడూ కొట్టడు. ఇంటిమీదకెళ్ళి కొట్టేవాడు వేటగాడు కాదు, దొంగ అంటాడు.

ఈ ఏడు వసంతంలో అతని తుంటి పట్టేసింది. చదును మీద నడవగలడు గానీ గట్టెక్కాలంటే చుక్కలు కనపడతాయి. ప్రతి ఏడూ సర్కారు వేట తెరవడానికి ముందే గట్టెక్కి ఏ చెట్టు కాసిందో చూసుకోవడం అతని అలవాటు. ఈసారి హోబర్ట్ "నువ్వెందుకు బావా అవస్థ, నేను చూసొస్తాగా" అని తనే వెళ్ళాడు. వెళ్ళి ఏడుపు మొహంతో వచ్చాడు.

"లేదు బావా. ఒక్క కాయ లేదు. మంచు పడి పూతంతా మాడిపోయింది."

"ఒక్కటి కూడానా?"

"ఒట్టు. చెట్లన్నీ బోసిగా ఉన్నాయి. ఈ ఏడు వాగవతల ఓక్ చెట్ల చదునులో కూర్చుందాం. నీ తుంటికీ హాయి."

'కంటితో చూడని అడవిని నమ్మకురా' అని హోబర్ట్‌కి నేర్పింది ఆర్విలే. కానీ చెప్పింది హోబర్టాయె. కుడిచెయ్యి వచ్చి చెబితే ఎడమచెయ్యి సాక్ష్యం అడుగుతుందా? సరేనన్నాడు.

వేట తెరిచిన రోజు, ఆగస్టు ఉక్కలో, చీకటుండగానే లేచి వంటింట్లోకొస్తే అతనికి ఆశ్చర్యమేసింది. ఎప్పుడూ "మొదలయ్యిందా నీ ఉడతల గోల" అని దుప్పటి ముసుగెట్టే నెల్డా అప్పటికే పొయ్యి దగ్గరుంది. మొక్కజొన్న రొట్టెలు, వేయించిన పంది మాంసం గుడ్డలో మూట కట్టి చేతికిచ్చింది.

"ఇదేంటే?"

"మధ్యాహ్నానికి. ఊరికే ఇంటికీ అడవికీ తిరిగి తుంటి అరగదీసుకుంటావెందుకు? అక్కడే తిని, సాయంత్రం వేట కూడా చూసుకుని తీరిగ్గా రా. ఇక్కడ మునిగిపోయేదేముంది?"

దారిలో ఆర్విల్ బామ్మర్దితో చెప్పుకుని మురిసిపోయాడు. "చూశావా, మీ అక్కకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. ముసలాడి మీద మనసైనట్టుంది."

"అక్క మంచిదే బావా," అన్నాడు హోబర్ట్, చెప్పుల కేసి చూస్తూ.

ఓక్ చదునులో వేట బాగానే సాగింది. హోబర్ట్ తిరిగాడు, ఆర్విల్ కొట్టాడు, సాయంత్రం పంచుకున్నారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రాత్రి భోజనాల దగ్గర ఆర్విల్ ఎప్పట్లాగే ప్రతి ఉడత కథా మొదట్నుంచి చివరిదాకా చెప్పేవాడు. "వీడు అటు చప్పుడు చేశాడు, అది ఇటు జరిగింది. పిచ్చి ముండ, చప్పుడు చేసేవాడినే చూస్తుందే గానీ కదలనివాడి కేసి చూడదు కదా!" నెల్డా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. ముప్పయ్యేళ్ళుగా వింటూనే ఉంది. ఈ మధ్య మాత్రం "తర్వాత?" అని కూడా అడుగుతోంది.

అయితే ఆర్విల్ మనసుని ఒకటి పీకుతూనే ఉంది. ఉడతకి రోజుకి రెండు పూటల కొలువు. తెలవారుతూనే తిండికి దిగుతుంది, ఎండెక్కేసరికి కొమ్మ మీద బోర్లా పడుకుంటుంది, పొద్దు వాలాక మళ్ళీ లేస్తుంది. గాలి వీచే రోజున ఏ చప్పుడెటునుంచి వస్తోందో దానికి తెలీదు గనక తొర్రలోంచి తల బయట పెట్టదు. వాన వెలిసిన పూట దానికి పండగ. కాలం ఎంత మారినా ఈ పద్ధతి మాత్రం మారదు. అలాంటిది ఇక్కడ మిట్టమధ్యాహ్నం, కాకి కూడా నోరెత్తని వేళ, ఉడతలు వాగు మీద వాలిన కొమ్మలు పట్టుకుని ఇటు దాటుతున్నాయి. తింటూ కాదు, ఆడుకుంటూ కాదు, పరుగున.

"ఒరేయ్, ఇవేంట్రా ఈ వేళప్పుడు?"

"ఎండకదా బావా, నీళ్ళకొస్తున్నాయేమో."

"ఉడత దాహానికి ఆకు మీద మంచు చాలురా. వాగులెందుకు? నడిమధ్యాహ్నం ఉడత పరిగెత్తిందంటే దాని ఇంటికి ఎవరో వచ్చారన్నమాట."

హోబర్ట్ నీళ్ళు నమిలాడు. "గద్దేమో," అన్నాడు.

అంతలో ఒకటి సరిగ్గా ఆర్విల్ ఎదుటి కొమ్మ మీద ఆగింది. కొట్టాడు. వెళ్ళి ఎత్తుకుని సంచీలో వేయబోతూ ఆగిపోయాడు. దాని ముందరి కాళ్ళు, మూతి, పళ్ళు అన్నీ నల్లటి మరకలు. వాసన చూశాడు. పచ్చి హికరీ తొక్క వాసన. తన చేతి గీతలకన్నా బాగా తెలిసిన వాసన అది. కత్తి తీసి పొట్ట చీరాడు. లోపల మెత్తగా, తెల్లగా, హికరీ పప్పు నిండుగా ఉంది. ఈ చదునంతా ఓక్ చెట్లు, నాలుగు బీచ్ చెట్లు. హికరీ అనేది పైగట్టు మీద తప్ప చుట్టుపక్కల ఎక్కడా లేదు.

పూత మాడిన చెట్టుకి కాయెక్కడిది?

ఆర్విల్ కత్తి ఆకుల మీద తుడిచాడు. తలెత్తి చూస్తే హోబర్ట్ అవతల వాగులో చేతులు కడుక్కుంటూ ఈల వేస్తున్నాడు. 'ఓరి నీ దుంప తెగ! నన్ను ఇక్కడ కూర్చోబెట్టి, నీ స్నేహితులెవర్నో గట్టెక్కించావన్నమాట. నా హికరీల కింద ఎవడో వేటాడుకుంటున్నాడు. ఉగ్గుపాలతో విద్య నేర్పినందుకు గురువుకే పంగనామాలు పెట్టావురా!' అనుకున్నాడు. ఒళ్ళు భగ్గున మండింది. కానీ అరవలేదు. అరిచేవాడు కూర్చునేవాడెలా అవుతాడు?

"ఒరేయ్ హోబర్ట్," అన్నాడు మెల్లగా. "అదిగో ఆ బీచ్ చెట్టు మీద ఒకటుంది. పెద్ద మగది. తిరుగు."

"నాకేం కనపళ్ళేదే?"

"నాకు కనపడిందిలే. నేను పిలిచేదాకా తిరుగు."

ఆ మాటకి తిరుగులేదు. కూర్చునేవాడు చెప్పాక తిరిగేవాడు తిరగాల్సిందే. హోబర్ట్ ఆకులు తన్నుకుంటూ ఆ ఖాళీ బీచ్ చెట్టు చుట్టూ మొదలెట్టాడు. ఆర్విల్ సంచీ భుజాన వేసుకుని చప్పుడు కాకుండా వెనక్కి జరిగి, వాగు దాటి, పైగట్టు దారి పట్టాడు. చాలా దూరం దాకా వెనకనుంచి పుల్లలు విరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

గట్టెక్కేసరికి ప్రాణం కళ్ళల్లోకొచ్చింది. తుంటిలో ఎవరో శీల దిగ్గొడుతున్నట్టుంది. ఇంకేమీ చూడకుండా తిన్నగా తన చెట్టు దగ్గరికి పోయి, తన చోట్లో కూలబడి, వీపు మానుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పైనుంచి టపటపా ఏవో రాలి టోపీ మీద పడ్డాయి. తీసి చూశాడు. కొరికిన హికరీ తొక్కలు. చుట్టూ నేలంతా అవే. ఇంత కాపు అతను పదేళ్ళలో చూడలేదు. కాయ బరువుకి కొమ్మలు వంగిపోయి ఉన్నాయి.

ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే, అతనికి ఏడుపొచ్చినంత సంతోషమేసింది. అబద్ధం చెప్పాడు వెధవ. చెప్తే చెప్పాడు. చెట్లు బాగున్నాయి.

అప్పుడు కనిపించింది, ఎదురు చెట్టు మీద నీలం రంగు. రొమ్ము ఎత్తులో అరచెయ్యంత అడ్డగీత. దాని పక్క చెట్టు మీదా అదే. దాని వెనక దాని మీదా అదే. మా కొండల్లో ఆ గీతకి అర్థం పసిపిల్లలకి కూడా తెలుసు. గీత పడ్డ చెట్టు రంపానికి.

ఎడమవైపునుంచి పుల్లలు విరుగుతున్న చప్పుడైంది. ఆర్విల్ తల అటు తిరిగింది. రంగు డబ్బా, కుంచె పట్టుకుని ఒక భారీ మనిషి పొదలు తొక్కుకుంటూ వస్తున్నాడు. కలప మిల్లు మనిషి. నమస్కారంగా టోపీ ఎత్తాడు.

"మంచి చెట్టే చూసి కూర్చున్నారు పెద్దాయనా! అన్నిట్లోకీ లావు అదే. రంగింకా ఆరలేదు, చొక్కా జాగ్రత్త."

"నా చెట్టుకి రంగు పూయడానికి నువ్వెవడివి? ఎవడు పూయమన్నాడు? ఆ హోబర్ట్ గాడా? వాడెవడు? ఈ నేల వాడిది కాదు, వాడి..."

మిల్లు మనిషి మొహం ఇబ్బందిగా పెట్టాడు. అతని చూపు ఆర్విల్ మీద లేదు. ఆర్విల్ భుజం మీదుగా కుడిపక్కకి చూస్తున్నాడు.

ఆర్విల్ తల తిప్పాడు. నాలుగు బారల దూరంలో, పడిపోయిన దుంగ మీద, నెల్డా కూర్చుని ఉంది. ఒళ్ళో కాఫీ కూజా. చేతులు దాని మీద ముడుచుకుని, కదలకుండా, అతన్నే చూస్తోంది. అతను వచ్చినప్పట్నుంచీ అక్కడే ఉంది. కూలబడటం చూసింది, తొక్కలు చూసుకుని మురిసిపోవడం కూడా చూసింది.

"సాయంత్రం దాకా రావనుకున్నాను," అంది.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టలేకపోవడం కాదు, పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలియకపోవడమే అసలు బాధ.  "నువ్వా?" అన్నాడు ఆర్విల్.

"నేనే. అమ్మేశాను. సోమవారం కోతకొస్తారు."

"రంపం ఎక్కదని మీ నాన్న అన్నాడు. నువ్వూ అన్నావు. నా చెయ్యి పట్టుకుని అన్నావే!"

"అన్నాను. పెళ్ళి గౌనులో ఉన్న పిల్లని, ఏమనమంటే అదన్నాను." నెల్డా చూపు దించలేదు. "నాన్న నీకు ఉడతలిచ్చాడు. చెట్లు నాకిచ్చాడు. నీ ఉడతల్ని నేను ముట్టుకోలేదయ్యా. అవి ఎక్కడికి పోతే అక్కడికెళ్ళి కొట్టుకో."

"ఎందుకే? తిండి లేకనా, గుడ్డ లేకనా?"

"మనిషి లేక! రోడ్డు పక్కన ఇల్లు తీసుకుందామని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాను? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. వేట అవనీ అన్నావు. వేటయ్యాక చేపలన్నావు. ఈ లోయలో మిగిలింది మన ఇల్లొక్కటే. వాగు పొంగితే నా మొహం నేనే చూసుకోవాలి. పోయిన చలికాలం పెరటి మెట్ల మీద మంచుకి జారి, మణికట్టు విరిగి పడున్నాను, గుర్తుందా? ఈ గట్టు కేసి తిరిగి గొంతు చించుకుని అరిచాను. నువ్వు ఈ చెట్టు కిందే ఉన్నావు."

"గాలనుకున్నాను."

"గాలి నిన్ను పేరు పెట్టి పిలుస్తుందా ఆర్విల్?"

అతనికి గుర్తుంది. ఆ రోజు ఎదుటి కొమ్మ మీదికి ఒక ఉడత దిగుతోంది. తల తిప్పితే బెదిరిపోతుంది. తిప్పలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఇన్నాళ్ళూ నోరు విప్పని ఆమెకీ తెలుసన్నమాట.

"సరే, తప్పే," అన్నాడు చివరికి. "అట్లకాడ తిరగేసి కొట్టలేకపోయావా? నా ఎదురుగా నిలబడి 'అమ్ముతున్నాను, నీ దిక్కున్నచోట చెప్పుకో' అనలేకపోయావా? పోట్లాడేవాణ్ణి. ఓడిపోయేవాణ్ణి. రొట్టెలు కట్టిచ్చావే! ఆ రొట్టెలు తింటూ నా పెళ్ళానికి నా మీద ప్రేమ పుట్టిందని ఊరేగాను. అది కూడా అబద్ధమేనా?"

నెల్డా మొదటిసారి కళ్ళు దించుకుంది. "ముందే చెబితే ఏం చేసేవాడివి? వచ్చి ఈ చెట్టు కింద కూర్చునేవాడివి. నిన్ను లేపగల మొనగాడు ఈ కొండల్లో పుట్టాడా?"

అదీ నిజమే. అందుకే ఇంకా ఎక్కువ మండింది.

అప్పుడొచ్చాడు హోబర్ట్, రొప్పుకుంటూ, చెమటలు కక్కుకుంటూ. "బావా! తిరిగీ తిరిగీ కాళ్ళు పడిపోయాయి, నువ్వు పిలవవేంటి..." అంటూనే అక్క కేసి, రంగు డబ్బా కేసి చూసి కుక్కిన పేనైపోయాడు.  "అక్క అడిగింది బావా. కాదనలేకపోయాను. దుంగలు తోలే పని కూడా నా ట్రక్కుకే ఇస్తామన్నారు. నీకెలా చెప్పాలో తెలీక..."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడికి మళ్ళీ చెప్పడం తెలియాలా?" అన్నాడు ఆర్విల్. వాడి మీద కేకలేసే ఓపిక కూడా లేదు. మిల్లు మనిషి వైపు తిరిగాడు. ఎవర్నీ ఏదీ అడిగే అలవాటు లేని మనిషి, అడిగాడు. "అయ్యా, ఈ ఒక్క చెట్టూ వదిలెయ్యి. తక్కినవన్నీ కొట్టుకో. దీని తొర్రలో పిల్లలున్నాయి. ఆగస్టు కదా, రెండో ఈత. ఇంకా కళ్ళు తెరిచి ఉండవు."

మిల్లు మనిషి తల గోక్కున్నాడు. "బేరమే దీన్ని చూసి కుదిరింది పెద్దాయనా. ఇది లేకపోతే తక్కినవి నాకు గిట్టవు. అమ్మగారు ఎలా అంటే అలా."

ఆర్విల్ అమ్మగారి కేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నెల్డా కూజా మూత తీసింది, మళ్ళీ పెట్టింది. తల అడ్డంగా ఊపింది.

ఆర్విల్ చెట్టు పట్టుకుని లేచి, తుంటి నొప్పికి వీపు మానుకి ఆనించి నిలబడ్డాడు. అతను అక్కడే కూర్చుండిపోతాడేమోనని మిల్లు మనిషి భయపడ్డాట్ట. హోబర్ట్ కూడా అదే అనుకున్నాట్ట. కూర్చుంటే ఏమయ్యేదో మాకు తెలీదు. అతను మాత్రం లేచాడు. భుజాన ఉన్న సంచీ తీసి నేలమీద బోర్లించాడు. పొద్దుటినుంచి కొట్టిన ఉడతలన్నీ తోకలతో సహా ఆకుల మీద పడ్డాయి. ఎప్పట్లాగే మోకాళ్ళ మీద వంగి, చిన్నా పెద్దా చూసి సరిసమానంగా రెండు పోగులు పెట్టాడు. మా వాళ్ళు పంచుకునేటప్పుడు ఎవరూ మాట్లాడరు. 

ఒక పోగు ఎత్తి హోబర్ట్ చేతుల్లో పెట్టాడు.

"తీసుకోరా. బాగా తిరిగావు. నేను నేర్పినదానికన్నా బాగా తిరిగావు. ఒక్కసారి కూడా నా చూపు నీ మీంచి పక్కకి పోలేదు. తిరిగేవాడికి సగం."

"బావా, వద్దు బావా..."

"కట్టుబాటురా. తీసుకో."

రెండో పోగు ఎత్తి నెల్డా దగ్గరికి నడిచాడు. ఆమె లేచి నిలబడి, ఏం చేస్తున్నాడో తెలియక, అలవాటుకొద్దీ ఆప్రాను అంచులు రెండు చేతులా పట్టుకుంది. అందులో వేశాడు. మరకల మూతి ఉడత అన్నిటి పైనా ఉంది.

"కదలకుండా కూర్చున్నావు. ఎన్నాళ్ళు కూర్చున్నావో గానీ, నాకన్నా గొప్పగా కూర్చున్నావు. ఈ సగం నీది."

మిల్లు మనిషికి ఇదేమిటో అర్థం కాలేదు. వాతావరణం తేలికచేద్దామనుకున్నాడో ఏమో, నవ్వి, "అన్నీ పంచేశారే! మరి మీ వాటా ఏది పెద్దాయనా?" అన్నాడు.

ఆర్విల్ ఖాళీ సంచీ దులిపి మడత పెట్టాడు.

"ఉడతకి వాటా ఏముంటుందయ్యా," అన్నాడు.

హోబర్ట్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. నెల్డా ఆప్రాను పట్టుకుని అలాగే నిలబడిపోయింది, వదలడానికీ లేదు, కళ్ళు తుడుచుకోడానికీ లేదు. ఆర్విల్ తుపాకీ ఊతకర్రలా పట్టుకుని గట్టు దిగడం మొదలెట్టాడు. అతను వెనక్కి తిరిగాక గానీ వాళ్ళు చూడలేదు, అతని చొక్కా వీపు మీద, సరిగ్గా రొమ్ము ఎత్తున, నీలం గీత అడ్డంగా పడి ఉంది.

సోమవారం రంపాలొచ్చాయి. ఆర్విల్ ముందు వసారాలో కూర్చుని విన్నాడు. ఒక్కో మాను పడినప్పుడల్లా ఇంట్లో గిన్నెలు గలగలలాడేవి. మిట్టమధ్యాహ్నం ఉడతలు పెరట్లోంచి, ఇంటి కప్పు మీంచి, అతని కాళ్ళ పక్కనుంచి కూడా పరిగెత్తాయి. తుపాకీ లోపల గోడకుంది. తెమ్మని అడగలేదు.

నెల్డా ఆ చొక్కాని కిరసనాయిలుతో రుద్దింది, సబ్బుతో ఉడకబెట్టింది. నీలం గీత వదల్లేదు. పారేద్దామంటే అతను ఇవ్వలేదు. "నా కొలతకి బాగానే ఉంది" అన్నాడు. ఆకులు రాలే కాలానికి వాళ్ళు రోడ్డు పక్క ఇంటికి మారారు. మంచి ఇల్లు, నీళ్ళు లోపలికే వస్తాయి, పొద్దస్తమానం ఎవరో ఒకరు పలకరించి పోతుంటారు. నెల్డా వంటింటి కిటికీలోంచి అందరికీ చెయ్యి ఊపుతుంది. ఆ కిటికీకి ఎదురుగా, పెరటి మెట్ల మీద, ఆర్విల్ ఆ చొక్కా తొడుక్కుని రోజూ కూర్చుంటాడు, ఇంటికి వీపు పెట్టి, కదలకుండా.

ఆమె కాఫీ తెచ్చి పక్కన పెడుతుంది. పేరు పెట్టి పిలుస్తుంది.

అతను తల తిప్పడు.